క్షయవ్యాధి: విత్తనమును క్షేత్రమును

ఒకే యింట నలుగురు కాపురముందురు. అందొకనికి క్షయ తగిలి దగ్గుచుండగా తక్కిన మువ్వురును ఆ గాలినే పీల్చుదురు. కొంతకాలమునకు ఆ మువ్వురిలో నొకరు మంచము పట్టవచ్చును. మిగిలిన యిద్దరు ఆ క్రిమిని తమ ఊపిరితిత్తులలో మోయుచునే ముసలితనమువరకు సుఖముగ బ్రదుకవచ్చును. క్రిమి సోకినవారిలో నూటికి అయిదు మొదలు పదిమంది మాత్రమే తమ జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు రోగులగుదురని వైద్యులు లెక్కకట్టియున్నారు. క్రిమి యొక్కటియే, గాలి యొక్కటియే. ఫలము మాత్రము వేరు. ఈ భేదమునకు కారణమేమి? విత్తనముననా, క్షేత్రముననా? క్షయరోగ చరిత్రను పరిశీలించినచో, మానవుడు చిరకాలము క్షేత్రమునే చూచి విత్తనమును కనలేకపోయెననియు, విత్తనమును కనిపెట్టిన పిదప క్షేత్రమును మరచెననియు, రెండింటిని కలిపి చూచుట ఇటీవలనే నేర్చుకొనుచున్నాడనియు మాకు తోచుచున్నది. ఈ చరిత్రలో మన తెలుగునేలకును ఒక భాగము కలదు.

మన పూర్వులు ఈ వ్యాధిని రాజయక్ష్మమనిరి. రోహిణియందు మాత్రమే అనురాగము చూపిన చంద్రుడు మామగారైన దక్షుని శాపమువలన క్షీణించెనని పురాణగాథ. చరకసంహితలో దీనికి నాలుగు కారణములు చెప్పబడినవి: శక్తికి మించిన సాహసము, మలమూత్రాది వేగములను బలవంతముగ ఆపుట, ధాతువులు తరిగిపోవుట, వేళయు పరిమాణమును తప్పిన ఆహారము. ఈ నాలుగును శరీరమునకు సంబంధించినవే. మితిమీరిన శ్రమయు తిండిలోపమును క్షయకు దారితీయుననుట నేటికిని కాదనరాని మాట. కాని యీ దృష్టిలో నొక ప్రమాదము కూడ నుండెను. వ్యాధి శరీరదోషమువలననే కలుగునన్నప్పుడు, రోగిదే తప్పు అనుట ఎంతో దూరము కాదు. శాపమనియు, పూర్వజన్మకర్మమనియు, వంశదోషమనియు లోకము చెప్పుకొనుచు వచ్చెను. ఒక యింట నొకరికి క్షయ వచ్చెనన్న ఆ యింటి ఆడపిల్లకు సంబంధములు తప్పిపోయిన ఉదంతములు మన జిల్లాలలో తక్కువ కావు. అంటుకొనెడి జాడ్యమును వంశపారంపర్యమని భ్రమించి, అంటకుండ కాపాడుకొనవలసిన జాగ్రత్తలను మాత్రము మానివేసితిమి.

ఐరోపాలోను చాలకాలము ఇదే స్థితి. అక్కడ తెర తొలగించినది ఊపిరితిత్తి పరిశీలనమే. పారిసు నగరమున లేనెక్ అను వైద్యుడు 1816వ సంవత్సరమున స్టెతస్కోపును కనిపెట్టి, బ్రదికియున్న రోగి రొమ్ములో వినిన ధ్వనులను మరణానంతరము కోసి చూచిన ఊపిరితిత్తులతో సరిపోల్చెను. వేరువేరు రోగములుగ భావింపబడిన చిన్న బుడిపెలు, జున్నువలె మెత్తబడిన భాగములు, గుల్లబారిన గుహలు—ఇవి యన్నియు ఒకే వ్యాధి యొక్క వేరువేరు దశలని అతడు చూపెను. 1826లో లేనెక్ ఆ క్షయకే బలియయ్యెను. 1865లో విల్మాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు రోగి శరీరమునుండి తీసిన పదార్థమును కుందేళ్లకు ఎక్కించి, క్షయ ఒక ప్రాణినుండి మరియొక ప్రాణికి సోకునని నిరూపించెను. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లినులో రాబర్ట్ కాక్ ఆ వ్యాధిని కలిగించు క్రిమినే కన్నులకు గట్టెను. ఆనాటితో శాపముల కథ ముగిసినదని చెప్పవచ్చును.

ఐనను కథలో మలుపొకటి కలదు. 1890లో కాక్ తానొక ఔషధమును కనుగొంటినని ప్రకటించెను. ఆ క్రిములనుండి తీసిన సారమే ట్యూబర్క్యులిన్. దానిని చర్మములోనికి ఎక్కించినచో రోగి శరీరము విజృంభించి వ్యాధిని తరిమివేయునని ఆశ. దేశదేశములనుండి రోగులు బెర్లినునకు పరుగెత్తిరి. కొలదికాలములోనే పలువురి స్థితి విషమించెను. చనిపోయినవారి శరీరములను కోసి చూచిన విర్కో అను శాస్త్రజ్ఞుడు, మందు ప్రభావమున ఊపిరితిత్తులలో క్రొత్త బుడిపెలు లేచియుండుటను బయటపెట్టెను. ఔషధముగ ఆ సారము ఓడిపోయి, వ్యాధి సోకినదో లేదో తెలిసికొను పరీక్షగ నిలిచెను. శరీరము విజృంభించుట ఎల్లప్పుడును మేలు కాదనియు, ఆ విజృంభణమే ఊపిరితిత్తిని కాల్చివేయగలదనియు లోకమునకు తెలిసిన మొదటి సందర్భములలో నిది యొకటి. ఆ పాఠము పూర్తిగ బోధపడుటకు మరి నూరేండ్లు పట్టెను.

మందు లేని ఆ దినములలో వైద్యులు తిరిగి క్షేత్రమునే ఆశ్రయించిరి. నిర్మలమైన గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము—ఈ మూడింటిమీద ఆధారపడి ఐరోపాలో శానిటోరియములు వెలసెను. మన దేశమున 1906లో అజ్మీరు సమీపమున తిలోనియాలో నొకటి యేర్పడెను. తెలుగునేలమీద 1912లో ఆరంభమైన ప్రయత్నము 1915లో మదనపల్లె చెంత స్థిరపడెను. పలు క్రైస్తవమిషనులు కలసి నడపిన ఆ సంస్థకు నాయకుడు డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. ఆ స్థలమునకు ఆరోగ్యవరమను పేరు వచ్చినది. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైగా ఎత్తు, పొడిగాలి, వరండాలలో పడకలు, వేళతప్పని భోజనము, ఉదయసాయంకాలములందు జ్వరము చూచి వ్రాసికొను పట్టిక—ఇదియే నాటి చికిత్స. దీనికి తోడు రొమ్ములోనికి గాలి యెక్కించి వ్యాధిగల ఊపిరితిత్తిని కొంతకాలము ముడుచుకొనునట్లు చేయు పద్ధతియు ప్రచారమున నుండెను. పనిచేయుట మానిన అవయవము త్వరగ మానునని దాని తాత్పర్యము. తరువాత పి. వి. బెంజమిన్ అను భారతీయవైద్యుడు ఆ సంస్థకు అధిపతియై, పిదప భారతప్రభుత్వమునకు క్షయవిషయమున సలహాదారుగ పనిచేసెను.

ఆరోగ్యవరము కొందరిని బ్రదికించెను. కాని మంచముల సంఖ్య యెంత, రోగుల సంఖ్య యెంత! పైగా నెలలతరబడి యిల్లు విడిచి పోగలవారెందరు? కూలిచేసుకొను తల్లి పసిబిడ్డను విడిచి కొండలకు పోవుట ఎట్లు? ఈ ప్రశ్నలు ఆరోగ్యవరమువారికిని తోచినవి. అందుచేతనే వారు ఆసుపత్రి గోడలు దాటి పల్లెలకు వచ్చిరి. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు ఆరంభమైన తావులలో మదనపల్లె ఒకటి. 1950 మొదలు 1955 వరకు పెద్ద మోలర్ కుమారుడైన జొహానెస్ ఫ్రిమోట్-మోలర్ ఆ చుట్టుపట్లనున్న గ్రామజనులను ఎక్స్‌రేలతో పరీక్షించి, వ్యాధి పల్లెలలో ఎట్లు వ్యాపించియున్నదో లెక్కతేల్చెను. క్షయ పట్టణపు జాడ్యమే యనియు, పల్లెగాలి దానికి విరుగుడనియు అనుకొనుచుండిన వారికి ఇట్టి పరిశోధనములు కన్నులు తెరపించినవి.

ఈలోపల మందులు వచ్చినవి. 1943–44 సంవత్సరములలో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలయందు షాట్జ్ మొదలగువారు స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొనిరి. 1952లో ఐసోనయజిడ్ వచ్చెను. తరువాత రిఫాంపిసిన్ వచ్చెను. అనాదిగ ప్రాణములు తీయుచున్న క్రిమి మొదటిసారిగ మనిషి చేత చచ్చినది. 1956లో మద్రాసున నెలకొల్పబడిన క్షయచికిత్సాకేంద్రము ఒక గొప్ప పరీక్ష చేసెను. బీదరోగులను దాదాపు 190 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమును శానిటోరియమునకు పంపి, రెండవ భాగమునకు ఇంటివద్దనే మందులిచ్చిరి. శానిటోరియములో తిండి మెరుగు, విశ్రాంతి యెక్కువ. ఇంటివద్ద ఇరుకుగది, చాలీచాలని కూడు, కొందరికి కూలిపని కూడ. ఏడాది గడచినపిదప 1959లో ప్రకటించిన ఫలితము లోకమును ఆశ్చర్యపరచెను: రెండు తెగలవారికిని ఇంచుమించు సమానముగనే నయమయ్యెను, ఇంటివద్దనున్న రోగులవలన కుటుంబములకు అదనపు ముప్పును వాటిల్లలేదు. దీని మేలు అపారము. క్షయ సోకిన తల్లిని బిడ్డలనుండి వేరుచేయ నక్కరలేదని ఋజువైనది. నేడు మన గ్రామములలో కఫపరీక్ష చేసి, మందులు ఉచితముగ నిచ్చి, ఇంటనే ఆరు మాసములు వాడించుట ఆ పరీక్ష ఫలమే.

కాని గెలుపు వెంట మరపు వచ్చెను. మందుంటే చాలును, తిండితోను శరీరముతోను పనిలేదన్న భావము ప్రబలెను. మద్రాసు పరీక్ష చెప్పినది అది కాదు. సరియైన మందు పడినచో తిండి తక్కువైనను క్రిమి చచ్చునని మాత్రమే అది చెప్పెను. తిండిలేని యింట మరియొకరికి వ్యాధి రాదని గాని, క్రిమి చచ్చిన ఊపిరితిత్తి మునుపటివలె నగునని గాని అది చెప్పలేదు.

ఈ రెండవ విషయమును చెప్పినది ఊపిరితిత్తియే. అమెరికాలో ఆర్నాల్డ్ రిచ్ 1944లో ప్రకటించిన గ్రంథమునను, పారిసులో జార్జి కానెట్టి అటుపిమ్మట చేసిన పరిశీలనములలోను ఒక విశేషము బయటపడెను. క్రిమి ప్రవేశించినంతనే శరీరములోని భక్షకకణములు దానిచుట్టును గుమిగూడి ఒక బుడిపెగ నేర్పడును. వైద్యులు దీనినే గ్రాన్యులోమా అందురు. బుడిపె మధ్యభాగము జున్నువలె గట్టిగ నున్నంతకాలము అందు క్రిములు కొద్దిగనే యుండును. అది కరగి ద్రవమై, గాలిగొట్టములోనికి తెరచుకొని గుహయైనప్పుడు మాత్రము అవి లెక్కకు మిక్కిలిగ పెరుగును. దగ్గుతో వెలువడి యితరులకు సోకును. ఆ గోడను కరగించినది ప్రధానముగ క్రిమి కాదు. మన కణములే స్రవించు రసములు. ఇంటికి కాపలాయుంచినవాడు దొంగను తరుముచు ఇంటిగోడనే పడగొట్టినట్లయినది!

ప్రయోగశాలలలోని మామూలు ఎలుకలకు మనుష్యునివంటి గుహలు సాధారణముగ నేర్పడవు. కావున ఈ సంగతి తెలియవలెనన్న మనుష్యుని ఊపిరితిత్తినే పరిశీలింపవలెను. దక్షిణాఫ్రికాలోని డర్బనులో, వ్యాధి ముదిరి శస్త్రచికిత్సచే తొలగింపవలసివచ్చిన ఊపిరితిత్తి భాగములను రోగుల అనుమతితో శాస్త్రజ్ఞులు పరీక్షించుచున్నారు. సూక్ష్మమైన ఎక్స్‌రే ఛాయలతో ఆ ముక్కలను అన్ని వైపులనుండి చూచి 2021లో వారు ప్రకటించిన సంగతి యిది: గుండ్రని గోళీలవంటివని ఇంతకాలము అనుకొన్న ఆ బుడిపెలలో అనేకములు కొమ్మలు చాచిన వింత ఆకారములు గలవి. కత్తితో కోసిన పలుచని పొరను చూచినంతకాలము కొమ్మ కూడ గుండ్రముగనే కనబడెను. ఒకే రోగి ఊపిరితిత్తిలో ఒకచోట మానుచున్న బుడిపెయు, ఇంకొకచోట కరగుచున్న బుడిపెయు నుండవచ్చును. యుద్ధమొకటి కాదు, అనేకములు; ఒక్కొక్కచోట గెలుపోటములు వేరు.

ఈ విషయమును మా మునగపాక ప్రాంతమువారికి తెలుపవలెనన్న దూరము పోనక్కరలేదు. చెరకురసమును పెనములో పోసి, పిప్పి మంటపెట్టి బెల్లము వండుట ఇచ్చట ఎల్లరును చూచినదే. మంట చాలనిచో పాకము రాదు, అచ్చు గట్టిపడదు. మంట మితిమీరినచో పాకము మాడి బెల్లము నల్లబడును. వండువాని నేర్పంతయు మంటను ఎప్పుడు పెంచవలెనో ఎప్పుడు తగ్గింపవలెనో తెలియుటలోనే యున్నది. క్షయరోగి శరీరములోని శోథయు నట్టిదే. మన దేశమున పుట్టి వైద్యము చదివి కేంబ్రిడ్జిలో పరిశోధించు లలితా రామకృష్ణన్, ఆమె సహచరులును చిన్న చేపలమీద ప్రయోగములు చేసి, శోథ తక్కువైనను ఎక్కువైనను క్రిమికే లాభమని 2012లో చూపిరి.

మనుష్యులలోను దీనికి సాక్ష్యములు కలవు. కీళ్లవాతము మొదలగు వ్యాధులలో శోథను అణచు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అను మందు వాడినవారిలో 70 మందికి క్షయ బయటపడినదని 2001లో ప్రకటింపబడెను. అనగా మంట పూర్తిగ ఆర్పినచో నిద్రించు క్రిమి మేలుకొనును. దీనికి ఎదురుగ, మెదడుపొరలకు క్షయ సోకినవారు 545 మందిమీద వియత్నాములో చేసి 2004లో ప్రకటించిన పరీక్షలో, క్షయమందులతోపాటు శోథను తగ్గించు డెక్సామెథసోన్ ఇచ్చినందున మరణములు తగ్గినవి. అదే మందు ఎయిడ్సు క్రిమియు గలవారికి మేలు చేయలేదని 2023లో తేలెను. ఒకరికి తగిన మంట మరియొకరికి తగదు.

క్రిమిని చంపుటకు గాక, క్రిమితో పోరాడు శరీరమును చక్కదిద్దుటకు ఇచ్చు ఇట్టి చికిత్సను ఆతిథేయచికిత్స యనవచ్చును. పిలువకయే వచ్చిన అతిథి క్రిమి, ఆతిథేయి మన శరీరము. ఈ మార్గమున ఆశలెన్ని పుట్టినవో భంగములును అన్ని కలిగినవి. శానిటోరియముల కాలమున ఎండయు, చేపనూనెయు మంచివనిరి. ఎండవలన శరీరములో పుట్టు డి విటమిను క్రిమిని చంపు పదార్థమును భక్షకకణములలో పుట్టించునని 2006లో తెలిసినప్పుడు పాతమాటకు క్రొత్త ఆధారము దొరికినదని సంతోషించిరి. కాని మంగోలియాలో ఎనిమిదివేలకు పైగా పిల్లలు పాల్గొనిన పరీక్షయందు ఆ విటమినునిచ్చి చూడగా క్షయ సోకుట తగ్గలేదని 2020లో తేలెను. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్‌ను క్షయమందులతో కలిపి చెన్నైలోని జాతీయ క్షయపరిశోధనసంస్థ పరీక్షించెను. 1956 నాటి మద్రాసు కేంద్రమే ఈనాటి యీ సంస్థ. 2022లో ప్రకటించిన ఫలితము: శోథ కొంత తగ్గెను గాని కఫమునుండి క్రిములు త్వరగ తొలగలేదు. గోడను కరగించు రసములను అణచు డాక్సీసైక్లిన్‌ను సింగపూరులో 30 మంది పాల్గొనిన పరీక్షయందు రెండు వారములిచ్చి చూడగా ఊపిరితిత్తి గుహలు చిన్నవగుట 2021లో గమనించిరి. ఆ యేడే దక్షిణాఫ్రికాలో వేరు రోగములకై పుట్టిన రెండు మందులు రోగుల శ్వాసబలమును మెరుగుపరచినవని తెలిసెను. ఇవి చిన్న పరీక్షలు. పెద్ద పరీక్షలలో నిలిచినగాని వీనిని చికిత్స యనరాదు. 1890 నాటి బెర్లిను మరువదగినది కాదు.

ఐతే పెద్ద పరీక్షలో నిలిచిన ఆతిథేయచికిత్స ఒకటి కలదు, అది అన్నము. జార్ఖండు రాష్ట్రమున 2019 మొదలు 2022 వరకు 2,800 మంది రోగుల కుటుంబములను రెండు భాగములుగ చేసి, ఒక భాగములో రోగికేగాక ఇంటివారందరికిని నెలనెలా ఆహారదినుసులు, విటమినులు ఇచ్చిరి. ఆ యిండ్లలో క్రొత్తగ క్షయ వచ్చుట సుమారు 39 శాతము తగ్గెను. ఊపిరితిత్తులకు వచ్చి ఇతరులకు అంటెడి క్షయ 48 శాతము తగ్గెను. మందు ప్రారంభించిన మొదటి రెండు నెలలలో బరువు పెరిగిన రోగులలో మరణములును తగ్గినవి. 2023లో ఈ ఫలితములు వెలువడినవి. చరకుడు చెప్పిన విషమాశనము ఇప్పుడు లెక్కలతో ఋజువైనదనవచ్చును. కాని చరకుని కాలమున లేని మందులు పక్కనుండుటవలననే ఈ అన్నము పని పూర్తిచేసినదనియు గుర్తింపవలెను. క్షేత్రమును బాగుచేసిన మాత్రమున విత్తనము చావదు.

ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశముననే యున్నారు. 2018 మొదలు ప్రభుత్వము రోగి ఆహారమునకై నెలకు 500 రూపాయలిచ్చుచు, 2024లో దానిని 1,000 రూపాయలకు పెంచెను. మేలే. కాని ఆ డబ్బు ఏ కంచములోనికి చేరుచున్నది? ఈ ప్రశ్న ప్రభుత్వమును గాదు, మన యిండ్లను అడుగవలసినది. అత్తమామలు, భర్త, బిడ్డలు తినగా మిగిలినది తినుట మన యిల్లాండ్రకు ధర్మమని నేర్పితిమి. మిగులనిచో మజ్జిగతో సరి. పొయ్యివద్ద పొగ పీల్చునదియు ఆమెయే, రోగికి సపర్యలు చేయుచు దగ్గు సోకునదియు ఆమెయే. ఇంటిలో క్రిమికి అనువైన క్షేత్రమును మనమే ఆమె శరీరమున తయారుచేయుచున్నాము. ఆమె పచ్చిపాలవంటి తెల్లని ముఖమును చూచి సౌకుమార్యమని మురియు కాలము పోవలెను. మధుమేహము గలవారికి క్షయ వచ్చు ముప్పు సుమారు మూడురెట్లు గనుక, ఇంట చక్కెరజబ్బు గల పెద్దలను కూడ కనిపెట్టియుండవలెను.

ఇంకొకటి. ఆతిథేయచికిత్స యను మాట ప్రబలినకొలది, ‘శరీరబలమే మందు’ అని చెప్పి క్షయమాత్రలను మాన్పించువారు బయలుదేరుదురు. వారి మాట వినరాదు. ఆకలి వేసి, దగ్గు తగ్గి, బరువు పెరిగిన రెండవ మాసముననే మందు మానినవాడు మొండిక్రిమిని పెంచి తన పిల్లలకు పంచినవాడగును. ఆరు మాసములును మందు వాడవలెను. వాడుచుండగా కడుపునిండ తినవలెను. రెండు వారములకు మించిన దగ్గును ముట్టుకొన్న అపవాదువలె దాచక కఫపరీక్షకు పోవలెను. మందులు ముగిసినపిదప ఆయాసము మిగిలినచో బద్ధకమని నిందింపక, అది మాడిన ఊపిరితిత్తి గుర్తని తెలిసి వైద్యునికి చూపవలెను.

లేనెక్ చేతిలో మొదలై డర్బను ప్రయోగశాలవరకు, ఊపిరితిత్తిని తెరచి చూచిన ప్రతిసారియు మనుష్యుని గూర్చిన నింద యొకటి తొలగిపోయినది. శాపము తొలగెను, వంశదోషము తొలగెను, రోగిని వెలివేయవలెనను మాటయు మద్రాసుతో తొలగెను. మిగిలియున్నది ఆకలి. దానికి శాస్త్రజ్ఞులు సాక్ష్యము చెప్పిరి. ఇక వడ్డించుట మన పని. ఆ వడ్డన యిల్లాలి కంచముతో ఆరంభము కావలెనని మా మనవి.